సంఘం లేని క్రైస్తవం: వ్యక్తి విశ్వాసం, మత వ్యవస్థ

క్రైస్తవంలో వ్యక్తి విశ్వాసానికీ మత వ్యవస్థకూ మధ్య తగవు ఆ మతమంత పాతది. ఒక పక్క దేవునితో మనిషికి నేరుగా ఉండే సంబంధం: ప్రార్థన, పశ్చాత్తాపం, లేఖన పఠనం, మారుమనస్సు. ఇంకో పక్క బాప్తిస్మపు రిజిస్టరు, బిషప్పులు, పాస్టర్ల జీతాలు, ఆస్తులు, ఆరాధన క్రమం, ఎవరు లోపలివాళ్లో ఎవరు బయటివాళ్లో తేల్చే నిబంధనలు. యేసు చాలు, చర్చి అక్కర్లేదనే మాట ఇప్పుడు అన్ని దేశాల్లోనూ వినిపిస్తోంది. అమెరికాలో ఏదో ఒక ప్రార్థనా సంఘంలో సభ్యులమని చెప్పినవారు 1999లో 70 శాతం. 2020లో వారు 47 శాతమేనని గాలప్ సంస్థ లెక్క తేల్చింది. 1937లో ఆ సంస్థ ఈ ప్రశ్న అడగడం మొదలుపెట్టాక సగం కన్నా కిందికి తగ్గడం అదే మొదటిసారి. బ్రిటన్‌లో సంఘానికి దూరమైనా నమ్మకాన్ని వదలనివారి గురించి సామాజిక శాస్త్రవేత్త గ్రేస్ డేవీ 1994లోనే రాసింది. ఈ తగవును మంచి విశ్వాసానికీ చెడ్డ వ్యవస్థకూ మధ్య పోరాటంగా చెప్పడం పరిపాటి అయింది. చరిత్ర ఆ కథను బలపరచదు. వ్యవస్థను వదిలి వెళ్లిన ఉద్యమాల్లో నిలిచినవి చాలావరకు ఒకటి రెండు తరాల్లోనే తమకంటూ ఒక వ్యవస్థను కట్టుకున్నాయి. అందుచేత తేల్చుకోవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి: కట్టుకున్న వ్యవస్థ ఎవరికి జవాబు చెప్పుకుంటుంది? అసలు వ్యవస్థే లేకుండా నెట్టుకురాగల స్తోమత ఎవరికి ఉంది?

మొదటి ఉదాహరణ ఈజిప్టు ఎడారిలోనే దొరుకుతుంది. దేవుణ్ణి ఏకాంతంలో వెతుక్కుంటూ ఊరు విడిచిన ఆంటొనీ బతికుండగానే, సుమారు 320లో, పకోమియస్ అనే మరో తపస్వి తబెన్నిసిలో సామూహిక మఠం పెట్టాడు. నిద్రలేచే వేళ, పని వేళ, భోజనం వేళ అన్నింటికీ అక్కడ నియమం ఉండేది. పదిహేడో శతాబ్దపు జర్మనీలోనూ ఇదే జరిగింది. లూథరన్ చర్చి సిద్ధాంత చర్చల్లో ఎండిపోయిందనుకున్న ఫిలిప్ స్పెనర్ 1670లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో తన ఇంట్లోనే చిన్న కూడికలు మొదలుపెట్టాడు. మనసు కదలాలి, బతుకు మారాలి అన్నది ఆ భక్తి ఉద్యమపు సారం. ఒక తరం గడిచేసరికి అదే ఉద్యమం హాలే పట్టణంలో అనాథాశ్రమం, బడులు, అచ్చుయంత్రం, మందుల దుకాణం ఉన్న పెద్ద సంస్థ అయింది. 1706లో తరంగంబాడికి మిషనరీ జీగెన్‌బాల్గ్‌ను తయారుచేసి పంపిన వాతావరణం అదే. పద్దెనిమిదో శతాబ్దం మొదటి సగంలో మద్రాసులో కూర్చుని బైబిలును తెలుగులోకి అనువదించిన బెంజమిన్ షుల్జ్ కూడా ఆ హాలే మనిషే. హృదయానికి సంబంధించిన మతం సముద్రం దాటి తెలుగు నేర్చుకోవడానికి అచ్చుయంత్రం, చందాలు, ఉత్తరాల బట్వాడా కావలసి వచ్చాయి.

క్వేకర్ల చరిత్రలో ఈ సంగతి రెండు వైపులా కనిపిస్తుంది కాబట్టి అక్కడ కాస్త ఆగాలి. ప్రతి మనిషిలోనూ దేవుని వెలుగు ఉందనీ, దాన్ని కనుగొనడానికి పురోహితుడు అక్కర్లేదనీ జార్జ్ ఫాక్స్ (1624–1691) బోధించాడు. వాళ్లకు బాప్తిస్మం లేదు, ప్రభు భోజన సంస్కారం లేదు, ప్రసంగ వేదిక లేదు. మౌనంగా కూర్చుంటారు, ప్రేరణ కలిగినవారు లేచి మాట్లాడతారు. ఇంతకన్నా వ్యక్తిగతమైన క్రైస్తవం మరొకటి ఉండదేమో. అయినా ప్రభుత్వం వాళ్లను జైళ్లలో కుక్కుతున్న 1660లలో ఫాక్స్ స్వయంగా దేశమంతా తిరిగి నెలవారీ సమావేశాలు ఏర్పాటు చేశాడు. పెళ్లిళ్లు నమోదు కావాలి, జైలుపాలైనవారి భార్యాబిడ్డలకు తిండి అందాలి, చనిపోయిన పేదను పాతిపెట్టాలి. మౌనం ఈ పనులు చేయదు. నెలవారీ సమావేశం మీద మూడు నెలలకోసారి జరిగేది, దాని మీద వార్షికం. ప్రతిదానికీ నిర్ణయాలు రాసిపెట్టే పుస్తకం.

1688 ఏప్రిల్‌లో పెన్సిల్వేనియాలోని జర్మన్‌టౌన్‌లో నలుగురు మనుషులు బానిసత్వం తప్పని ఒక కాగితం రాసి నెలవారీ సమావేశానికి ఇచ్చారు. ఇది మా స్థాయికి మించినదని నెలవారీ సమావేశం పైకి పంపింది. పై సమావేశమూ అదే మాట అని ఇంకా పైకి పంపింది. వార్షిక సమావేశం దాన్ని పక్కన పెట్టింది. నలుగురి అంతరాత్మను మూడు మెట్ల వ్యవస్థ కలిసి పాతిపెట్టింది. యాభై ఏళ్ల తరువాత, 1738లో, బెంజమిన్ లే అనే మరుగుజ్జు మనిషి బర్లింగ్టన్ వార్షిక సమావేశానికి వచ్చాడు. లోపల తొలిచిన పుస్తకంలో ఎర్రటి పండ్ల రసం నింపిన తిత్తి పెట్టుకుని, బానిసల్ని ఉంచుకున్నవారి నెత్తురు ఇలాగే చిందుతుందంటూ కత్తితో పొడిచాడు. రసం చుట్టుపక్కల కూర్చున్నవారి మీద చిమ్మింది. ఆయన్ను సభ్యత్వం నుంచి తీసేశారు. ఇంతవరకే చదివితే వ్యవస్థ మీద ఆరోపణ రుజువైనట్టే. అయితే జాన్ వుల్‌మన్ (1720–1772) అనే దర్జీ ఇదే నమ్మకంతో ఇరవై ఏళ్లకు పైగా బానిసల యజమానుల ఇళ్లకు వెళ్లి, ఒక్కొక్కరి ఎదుట కూర్చుని మాట్లాడాడు. 1758లో ఫిలడెల్ఫియా వార్షిక సమావేశం బానిసల్ని కొనేవారినీ అమ్మేవారినీ సమావేశ వ్యవహారాల్లోంచి తప్పించింది. 1776లో బానిసల్ని విడుదల చేయనివారికి సభ్యత్వమే లేదంది. సాటి మనుషుల్ని సొత్తుగా ఉంచుకున్న ధనవంతుల్ని దారికి తెచ్చింది చివరికి ఆ మెట్ల వ్యవస్థే, ఆ నిర్ణయాల పుస్తకమే. అంతరాత్మ లేకపోతే వ్యవస్థ కదిలేది కాదు. వ్యవస్థ లేకపోతే ఆ నలుగురి కాగితం నలుగురి మంచితనంగానే మిగిలిపోయేది. ఈ రెండు వాక్యాల్లో ఏ ఒక్కటి వదిలేసినా చరిత్ర తప్పుతుంది.

సంఘాన్ని తోసిపుచ్చినవారి పక్షాన ఉన్న బలమైన సాక్ష్యాన్ని తక్కువ చేయకూడదు. డెన్మార్క్‌లో పుట్టిన ప్రతి బిడ్డా చట్టరీత్యా క్రైస్తవుడైపోతే క్రైస్తవుడు కావడమనే పనే మాయమైందని తత్వవేత్త కియర్కెగార్డ్ తన చివరి ఏడాదిలో రాజ్యపు చర్చి మీద విరుచుకుపడ్డాడు. 1855 నవంబరులో చనిపోయే ముందు ప్రభుత్వ ఉద్యోగి అయిన పాదిరి చేతి నుంచి ప్రభు భోజనం తీసుకోవడానికి నిరాకరించాడు. తెలుగు సంఘాల్లో ‘నామకార్థ క్రైస్తవులు’ అన్న మాట ఎంత కటువుగా వినిపిస్తుందో తెలిసినవారికి ఆయన కోపం అర్థమవుతుంది. జపాన్‌లో ఉచిమురా కాంజో (1861–1930) ఇంకా ముందుకు వెళ్లాడు. విదేశీ మిషన్ల డబ్బూ వాళ్ల శాఖల కీచులాటలూ విసుగెత్తించి ‘ముక్యోకై’, అంటే చర్చి లేని క్రైస్తవం, అనే ఉద్యమం నడిపాడు. పాదిరి లేడు, సంస్కారాలు లేవు. ఆదివారం గురువు చుట్టూ కూర్చుని బైబిలు చదువుకోవడమే ఆరాధన. యుద్ధకాలంలో జపాన్ ప్రొటెస్టంట్ శాఖలను ప్రభుత్వం 1941లో ఒకే సంస్థగా కలిపితే ఆ సంస్థ ప్రభుత్వానికి తలవంచింది. ఉచిమురా శిష్యుడు యనైహరా తదావో మాత్రం యుద్ధాన్ని విమర్శించి 1937లోనే టోక్యో విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి పోగొట్టుకున్నాడు. ఒంటరి విశ్వాసం నిలబడ్డ చోట సంస్థ నిలబడలేదు. సంస్థకు పోగొట్టుకోవడానికి ఆస్తులుంటాయి, బడులుంటాయి. అధికారంలో ఉన్నవాళ్లకు అది దాని బలహీనతగా తెలుసు. ఇది కాదనలేని వాదం. కానీ ముక్యోకైలో ఉన్నది ఎవరు? ఎక్కువమంది ఆచార్యులు, ఉపాధ్యాయులు, విద్యార్థులు, చదువుకున్న పట్టణవాసులు. వాళ్లకు పరువు, జీతం, స్నేహితులు వేరే చోట్ల నుంచి దొరుకుతాయి. సంఘం ఇవ్వవలసింది వాళ్లకు బైబిలు పాఠం ఒక్కటే.

సంఘం లేకుండా నెట్టుకురాగలిగేది ఎవరన్న ప్రశ్నకు తెలుగు నేల ఇచ్చిన జవాబు వివరంగా దొరుకుతుంది. ఒంగోలు బాప్టిస్టు సంఘం 1867 జనవరి 1న ఎనిమిది మందితో మొదలైంది. అంతకు ముందటి ఏడాది బాప్తిస్మం పొందిన యెర్రగుంట్ల పేరయ్య తలకొండపాడుకు చెందిన మాదిగ. మిషనరీలు ఎదురుపడక ముందే ఆయన యోగ సాధకుడు. గురువుల దగ్గర ఉపదేశం పొంది, తానే ఇతరులకు బోధిస్తూ ఉండేవాడు. వ్యక్తిగతమైన దైవాన్వేషణ ఆయనకు కొత్త కాదు, కొరత అసలే కాదు. కొత్తగా దొరికింది ఊరు కాదనలేని ఒక సమాజం. బాప్తిస్మానికి మిషనరీ జాన్ క్లౌ పెట్టిన షరతులు కొద్దివే: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. కాగితం మీద ఇవి చిన్నవి. జాతరలో డప్పు కొట్టననీ, ఆదివారం చాకిరీకి రాననీ మాదిగ చెప్పిన రోజున బావి మూతపడేది, బీడు మూతపడేది, కూలి ఆగిపోయేది. ఒక్క మనిషి చెబితే దెబ్బలు తిని లొంగిపోతాడు. పల్లె మొత్తం చెబితే రైతు ఆలోచించుకోవలసిందే. 1876–78 కరవులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. తిండి కోసం వచ్చారన్న నింద రాకూడదని ఆ నెలల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. మళ్లీ మొదలుపెట్టాక 1878 జూలై 3న గుండ్లకమ్మ నీళ్లలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు.

గుంపుగా తీసుకున్న బాప్తిస్మం వ్యక్తి విశ్వాసం ఎలా అవుతుందని అప్పటి నుంచీ అడుగుతున్నారు. ఒంటరిగా నిర్ణయించుకున్నదే నిజమైన నమ్మకం అనే కొలత ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూడాలి. కట్టుబాట్లు తెంచుకుని బతకగలిగిన వారి అనుభవం నుంచి వచ్చింది అది. పల్లెలో ఇంటిల్లిపాదీ, కులపెద్దలూ కూర్చుని నిర్ణయించుకున్నా, బావి దగ్గర అవమానం తిన్నది, కూలి పోగొట్టుకున్నది ఒక్కొక్క మనిషే. ఆ వెల చెల్లించిన మనిషి నమ్మకాన్ని గుంపు నమ్మకమని కొట్టిపారేయడం అన్యాయం. బడి, ఆసుపత్రి, పల్లెలో సున్నం వేసిన చిన్న మందిరం, సొంత సమాధుల తోట: ఇవి విశ్వాసానికి అంటుకున్న అదనపు సరుకులు కావు. అంటరానివాడని పేరుపడ్డ మనిషికి దేవుడు తనను మనిషిగా చూశాడని నమ్మడానికి దొరికిన రుజువులు ఇవే.

ఒంగోలుకు పక్కనే ఉన్న గుంటూరు ప్రాంతంలో సరిగ్గా ఎదురు దారిలో నడిచిన మనిషి కలగర సుబ్బారావు (1912–1981). మునిపల్లెకు చెందిన ఈ ఉపాధ్యాయుడు కమ్మ కుటుంబంలో పుట్టాడు, దేవుడంటే పట్టింపు లేనివాడు. 1942లో క్రీస్తు తనకు దర్శనమిచ్చాడని ఆయన చెప్పాడు. అప్పటి నుంచి క్రీస్తును గురుదేవుడిగా కొలిచాడు, తెలుగులో పాటలు కట్టాడు, రోగుల కోసం ప్రార్థించాడు. జనం తండోపతండాలుగా వచ్చారు. బాప్తిస్మం మాత్రం తీసుకోలేదు, తీసుకోమని ఎవరికీ చెప్పలేదు. చర్చి, సంస్కారాలు, పాదిరులు క్రీస్తుకు అడ్డుగోడలని నిర్మొహమాటంగా రాశాడు. డేనిష్ చరిత్రకారుడు కాయ్ బాగో 1968లో ఈ ఉద్యమంపై పుస్తకమే రాశాడు. హిందూ సమాజంలో ఉంటూనే క్రీస్తును అనుసరించవచ్చని, చర్చిలో చేరితేనే శిష్యుడనడం వలస పాలన నాటి అలవాటని బాగో వాదన. అంతకు ముందే, 1938లో మద్రాసు దగ్గరి తాంబరంలో అంతర్జాతీయ మిషనరీ మహాసభ జరిగిన సమయంలో, నెల్లూరు ప్రాంతం నుంచి వచ్చిన న్యాయవాది, న్యాయమూర్తి పాండిపెద్ది చెంచయ్య తన మిత్రులతో కలిసి తెచ్చిన సంపుటంలో ఇంతకన్నా లోతైన మాట అన్నాడు. యేసు తెచ్చింది కొత్త సృష్టి, కొత్త మానవుడు; చర్చిని ఆ సృష్టికి కేంద్రంగా నిలబెట్టడం భారతదేశంలో అనవసరం అని. భారతీయ క్రైస్తవ చింతనలో ఆయనంత ధైర్యంగా ఆలోచించినవారు కొద్దిమందే. ఆయన రచనల్ని తెలుగు పాఠకులు ఇంకా సరిగా చదువుకోలేదు.

చెంచయ్య చెప్పిన దానికి క్రైస్తవ గ్రంథాల్లోనే ఒక అభ్యంతరం ఉంది. ఆ మతపు అతి పాత రాతలు, అంటే క్రీ.శ. 50లలో పౌలు రాసిన ఉత్తరాలు, ఆత్మ గురించి ఎంత మాట్లాడతాయో యెరూషలేము పేదల కోసం పోగుచేస్తున్న చందా గురించీ అంత శ్రద్ధగా మాట్లాడతాయి. ఆ డబ్బు విషయంలో తనను ఎవరూ వేలెత్తి చూపకూడదని, సంఘాలు ఎన్నుకున్న మనుషుల్ని వెంట ఉంచుకుంటానని పౌలు రాశాడు. పురోహిత వర్గం ఇంకా పుట్టలేదు, ఆస్తులు లేవు. పద్దు చెప్పే ఏర్పాటు మాత్రం అప్పటికే ఉంది. సుబ్బారావు విషయంలో అభ్యంతరం ఇంకో రకం. ఊరిలో భూమి, కులం, ఉద్యోగం ఉన్న మనిషి చర్చి అక్కర్లేదనగలడు. ఆయన నిజాయితీని శంకించడానికి ఏ ఆధారమూ లేదు. అదే మాట మాదిగపల్లెలో అంటే దాని అర్థం మారిపోతుంది. అక్కడ సంఘాన్ని తీసేస్తే మిగిలేది పాత ఊరే, పాత చోటే. హిందూ సమాజంలో ఉంటూనే క్రీస్తును కొలవమన్నప్పుడు ఆ సమాజంలో ఎక్కడ ఉండాలన్న ప్రశ్న కూడా ఉంది. బాగో దానికి చాలినంత చోటివ్వలేదని నా అభిప్రాయం.

మన దేశంలో విశ్వాసం లోపలే ఉండిపోవడానికి ఆధ్యాత్మికతతో పని లేని కారణం కూడా ఒకటి ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు, క్రైస్తవులకు కాదు. బాప్తిస్మం రిజిస్టరుకెక్కితే కుల ధ్రువపత్రం చిక్కులో పడుతుంది. సమైక్య ఆంధ్రప్రదేశ్ జనాభా లెక్కల్లో క్రైస్తవులు 1971లో 4.19 శాతం, 2011లో 1.34 శాతం. ఈ నలభై ఏళ్లలో పల్లెల్లో మందిరాలు తగ్గాయని ఎవరూ అనరు. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవం స్వీకరించి పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టపు రక్షణ కోరలేడని తీర్పు చెప్పింది. అందుచేత ఇక్కడ సంఘం లేని విశ్వాసాన్ని చూసిన ప్రతిసారీ అది స్వేచ్ఛగా ఎంచుకున్న దారి అనుకుంటే పొరపాటు. కొన్నిసార్లు అది తహశీల్దారు కార్యాలయం గీసిన గీత.

ఒంగోలు సంఘం, సుబ్బారావు బాట అనే రెండు కొసల మధ్య దారి వేసినవాడు భక్త్ సింగ్ (1903–2000). పంజాబీ సిక్కు కుటుంబంలో పుట్టి, ఇంజనీరింగ్ చదవడానికి విదేశాలకు వెళ్లి, కెనడాలో కొత్త నిబంధన చదివి క్రైస్తవుడయ్యాడు. స్వదేశానికి తిరిగివచ్చాక ఏ మిషన్ జీతమూ తీసుకోలేదు. 1941లో మద్రాసులో ‘యెహోవా షమ్మా’, 1950లో హైదరాబాదు గోల్కొండ చౌరస్తా దగ్గర ‘హెబ్రోను’ మొదలయ్యాయి. ఏ శాఖకూ చెందని సంఘం, జీతానికి పాస్టరు లేడు, పెద్దలే బాధ్యులు, విదేశీ నిధుల మీద ఆధారపడదు. కుర్చీలకు బదులు చాపలు. చెప్పులు బయట విడిచి, కింద కూర్చుని, రొట్టె విరిచి, ఆరాధన అయ్యాక అందరూ వరసగా కూర్చుని ప్రేమ విందు తింటారు. ఏటా జరిగే పరిశుద్ధ కూడికలకు వేలమంది వచ్చి రోజుల తరబడి ఉండేవారు. కులం పేరు చెప్పి పక్కపక్కన తినని దేశంలో ఆ వంటశాల ఒక్కటే ఎన్నో ప్రసంగాల పెట్టు. మిషన్ల వ్యవస్థను ఇంత గట్టిగా కాదన్న మనిషే దక్షిణ భారతంలో అత్యంత క్రమశిక్షణ గల స్వదేశీ వ్యవస్థల్లో ఒకదాన్ని నిర్మించాడు. ఆయన విశ్వాసాన్ని మెచ్చుకునేవారు ఆ వంటశాల లెక్కలు చూసినవారిని, చాపలు పరిచినవారిని మరిచిపోతారు.

వ్యవస్థల మీద ఉన్న ఫిర్యాదు ఇంతటితో తీరదు. అమెరికాలో 1950–2002 మధ్య 4,392 మంది కాథలిక్ ఫాదర్ల మీద పిల్లల పట్ల లైంగిక దురాచార ఆరోపణలు నమోదయ్యాయని 2004లో జాన్ జే కళాశాల అధ్యయనం తేల్చింది. ఆరోపణలున్నవారిని బిషప్పులు చెప్పాపెట్టకుండా మరో ఊరికి మార్చిన తీరు నేరమంత దారుణం. మన దగ్గర కులం చర్చి గుమ్మం దాటి లోపలికి వచ్చింది; దళితులే అధికంగా ఉన్న తెలుగు కాథలిక్ సమాజం నుంచి ఒక దళితుడు, హైదరాబాదు ఆర్చిబిషప్ పూల అంథోని, కార్డినల్ కావడానికి 2022 దాకా ఆగవలసి వచ్చింది. ఇవన్నీ చూసి సంఘం విడిచిపోయేవారిని నిందించలేం. అయితే నేరాన్ని దాచింది గొలుసుకట్టు అధికారమైతే, దాన్ని బయటపెట్టింది పత్రికలు, కోర్టులు, బాధితుల సంఘాలు: అవీ వ్యవస్థలే. నమ్మకం ఒక్కటే మనిషిని మంచివాణ్ణి చేస్తుందా అన్నదానికీ కొంత సాక్ష్యం ఉంది. రాబర్ట్ పుట్నమ్, డేవిడ్ క్యాంప్‌బెల్ 2010లో ప్రచురించిన అమెరికా అధ్యయనంలో, దానానికీ సేవకూ సిద్ధపడేవారిని గుర్తించడానికి సిద్ధాంత విశ్వాసం కన్నా సంఘంలో ఉన్న స్నేహాలే మెరుగైన ఆనవాలని తేలింది. ఇంట్లో ఒంటరిగా ప్రార్థించే భక్తుడికి పక్కింటి ఆకలి తెలియడం కష్టం.

వ్యవస్థతో విసిగిపోయిన తెలుగువారు చాలామంది ఇప్పుడు చేరుతున్నది సుబ్బారావు బాటలో కాదు, స్వతంత్ర పరిచర్యల్లో. టీవీలోనూ యూట్యూబులోనూ ప్రసంగం, ఫోనులో ప్రార్థన, ఖాతాకు కానుక. డల్లాస్‌లో, దుబాయ్‌లో ఉన్న తెలుగు కుటుంబాలూ వీటిని చూస్తాయి. మధ్యలో బిషప్ లేడు, సినాడ్ లేదు కాబట్టి ఇది దేవునితో నేరు సంబంధంలా కనిపిస్తుంది. తరచుగా జరిగేదేమంటే, సొసైటీకి అధ్యక్షుడు దైవజనుడు, కార్యదర్శి ఆయన భార్య, కోశాధికారి కొడుకు. పాత డయోసిస్‌లో బిషప్ మీద కోర్టుకైనా వెళ్లగలిగిన సభ్యుడికి ఇక్కడ లెక్క అడిగే హక్కే లేదు. అతను సభ్యుడు కాదు, ప్రేక్షకుడు. కానుక రశీదు ఎవరి పేరున వస్తోంది, ఏడాది పద్దు ఎవరి ముందు చదువుతున్నారు, వ్యవస్థాపకుడి తరువాత మందిరం ఎవరి పేరున ఉంటుంది అన్నవి సంఘపెద్దలు ఉన్న చోట విశ్వాసి లేచి అడగగలిగిన ప్రశ్నలు. వీటిని అడగడం అవిశ్వాసమని ప్రసంగంలో చెప్పే చోట ఆ విశ్వాసి తన వ్యక్తిగత విశ్వాసాన్ని కూడా మరొకరి చేతికి అప్పగించినట్టే.